ఆ మాట ముందు ఎవరన్నారు

ఆ వానాకాలం అమ్మా నేనూ ఒకే క్లాసులో చదువుకున్నాం. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ మా అమ్మ ఎస్సై. ఇంట్లోనే ఆవిడ ఎదురుగా ఆవులించడానికి జంకేదాన్ని. అలాంటిది ఒకే గదిలో కూర్చుని ఆవిడతో పాటు పాఠం వినాలంటే నా అవస్థ చెప్పనక్కర్లేదు.

అది యూనివర్సిటీలో నేరశాస్త్రం కోర్సు. శని, ఆదివారాల్లో క్లాసులు. డ్యూటీలో ఉన్న పోలీసులు, జైలు వార్డర్లు, ఎప్పటికైనా ఖాకీ బట్టలు వేసుకోవాలని నాలా కలలుకనేవాళ్లు, అందరికీ కలిపి ఒకటే గది. ఇన్‌స్పెక్టర్ ప్రమోషన్‌కి ఆ సర్టిఫికెట్ కావాలని అమ్మని పైవాళ్లు పంపారు. నన్నెవరూ పంపలేదు, నేనే వెళ్లి చేరాను. చేరేముందు అమ్మ ఒక షరతు పెట్టింది.

"క్లాసులో అమ్మా గిమ్మా అనకు. మేడమ్ అను."

"మరి నువ్వు నన్నేమంటావు?"

"నిన్నసలు పిలవను."

నాన్న కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండా నవ్వాడు. ఆయన దర్జీ. స్టేషన్‌లో అందరి యూనిఫాంలూ ఆయనే కుడతాడు. "చట్టానికి ఏటేటా నడుం పెరుగుతోంది" అని వాళ్ల కొలతలు తీసుకున్నప్పుడల్లా అంటాడు. అమ్మ ప్రమోషన్ కాగితాలు ఇంకా బల్లలు మారుతుండగానే ఇన్‌స్పెక్టర్ యూనిఫాం కుట్టి, ఇస్త్రీ చేసి బీరువాలో తగిలించేశాడు. భుజాల మీద పెట్టే నక్షత్రాలు కూడా తెప్పించి గుండీల డబ్బాలో దాచాడు. "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం" అని అమ్మ విసుక్కునేది. కానీ ఎవరూ చూడనప్పుడు బీరువా తలుపు తీసి ఆ చొక్కా కేసి చూసుకోవడం నేను చూశాను.

స్టేషన్‌లో అమ్మని 'పిన్నిగారు' అంటారు. ఆవిడ చెయ్యెత్తదు, గొంతెత్తదు. పట్టుకొచ్చిన మనిషిని కూర్చోబెడుతుంది, టీ తెప్పిస్తుంది, "ఏమైనా తిన్నావా?" అని అడుగుతుంది. కాసేపటికి అతను కడుపులో ఉన్నదంతా కక్కేస్తాడు. లాఠీలకు లొంగనివాళ్లని "పిన్నిగారి గదికి పంపండి" అనేవాళ్లు. అమ్మకి ఇదంతా చాలా చిన్న విషయం. "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటాడు. నా పనల్లా ఆ మాట మెత్తగా అనడమే" అనేది.

అందుకే మా ఇంట్లో అబద్ధం ఆడటం ఎవరికీ చేతకాలేదు. చిన్నప్పుడు ముందుగదిలో గోడగడియారం అద్దం పగిలితే అన్నయ్య పొద్దున్నంతా "నేను కాదు" అన్నాడు. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని నాలుగు మాటలు అడిగింది. బంతి ఎక్కడినుంచి విసిరాడో కూడా చెప్పేశాడు. ఇప్పుడు వాడు సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తున్నాడు, ఇప్పటికీ గడియారం మాట వస్తే సిగ్గుపడతాడు.

కోర్సుకి ముందటి ఎండాకాలంలోనే అమ్మ పేరు మారుమోగిపోయింది. ఊరి చివర గుడ్డల గోడౌన్ తగలబడి, లోపల నిద్రపోతున్న కుర్ర హమాలీ ఒకడు చనిపోయాడు. కాపలా ఉన్న వాచ్‌మన్ తనకేమీ తెలీదన్నాడు. అమ్మ ఒక మధ్యాహ్నం అతనితో మాట్లాడింది. దోమల కాయిల్ వెలిగించి గుడ్డల బేళ్ల పక్కన పెట్టి నిద్రపోయానని ఒప్పుకుని, అమ్మ చేతులు పట్టుకుని ఏడ్చాడట. పై అధికారులు అమ్మని పిలిచి మెచ్చుకున్నారు. వాచ్‌మన్ రిమాండ్ మీద జైలుకి వెళ్లాడు. వానాకాలం చివర్లో కోర్టులో విచారణ. ఆ కేసులో అమ్మే ముఖ్య సాక్షి, ప్రమోషన్‌కీ ఆ కేసే ఊతం.

*

మాకు పాఠం చెప్పే ప్రొఫెసర్ పొట్టిగా, తెల్లగడ్డంతో, చెవిలో మిషన్‌తో ఉండేవాడు. ఏదైనా అడిగి ఊరుకునేవాడు. జవాబు వచ్చాక కూడా ఊరుకునేవాడు. వినపడలేదేమోనని మా క్లాసులోని మీసాల వార్డరు మొదటిరోజు అదే జవాబు రెండోసారి అరిచి మరీ చెప్పాడు. అయినా సారు ఊరుకున్నాడు. వార్డరు ఆ మౌనానికి తట్టుకోలేక, పాఠంతో సంబంధం లేని తన అత్తగారి గొడవ కూడా చెప్పేశాడు. అప్పుడు సారు చిన్నగా నవ్వి అన్నాడు.

"చూశారా. మనిషి ఖాళీని భరించలేడు. మీరు ఊరుకుంటే తన దగ్గర ఉన్నదానితో నింపుతాడు. మీరు మాట్లాడితే, మీరిచ్చినదానితో నింపుతాడు."

ఆ రోజు నుంచి ఆయన మాకు మౌనం మాస్టారు.

ఆ క్లాసులు నాకు ఎలా ఉండేవంటే, ఇన్నాళ్లూ ఉంటున్న ఇంట్లోనే నేను చూడని గది ఒకటి ఉందని ఎవరో తలుపు తీసి చూపించినట్టుండేది. పోలీసు చదువంటే చట్టాలు, సెక్షన్లు అనుకుని వెళ్లాను. అక్కడ చెప్పింది మనిషి తల గురించి. చూసినదాన్ని తల ఎలా దాచుకుంటుందో, దాచుకున్నదాన్ని ఎలా మార్చుకుంటుందో మాస్టారు చెప్పేవాడు. "జ్ఞాపకం పెట్టెలో మడతపెట్టిన చొక్కా కాదు. తీసినప్పుడల్లా మళ్లీ కుట్టుకునే చొక్కా" అన్నాడొకసారి. ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. నాన్న మిషన్ ఆపాడు.

"అయితే కొలతలు ఎవరు చెప్తే వాళ్లదన్నమాట" అన్నాడు.

అమ్మ మాత్రం వెనక వరుసలో ఫ్యాన్ కింద కూర్చుని, టోపీ బల్లమీద పెట్టి, అన్నీ తెలిసినదానిలా వినేది. ఒకసారి సామెత కూడా చెప్పింది. "సార్, మీరెన్ని చెప్పినా భుజాలు తడుముకునేవాడు తడుముకుంటాడు."

"దొంగ అన్న మాట వినపడితే నేనూ తడుముకుంటాను మేడమ్" అన్నాడు మాస్టారు. "నేనెప్పుడూ గుమ్మడికాయ మోయలేదు."

క్లాసంతా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది.

మొదటిరోజే ఆయన మా దగ్గర ఒక మాట తీసుకున్నాడు. "ఈ కోర్సులో ఒకసారి మిమ్మల్ని మోసం చేస్తాను. ఎప్పుడో చెప్పను. తర్వాత క్షమాపణ అడుగుతాను. ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తండి." అందరం ఎత్తాం. "మమ్మల్ని మోసం చేసినవాళ్లనే సార్ మేం లోపల వేసేది" అన్నాడు వార్డరు. తర్వాత వానలు ముదిరాయి, ఆ సంగతి మర్చిపోయాం.

*

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక చిన్న ల్యాబు ఉండేది. అక్కడ అలమరలో ప్లాస్టర్‌తో చేసిన పుర్రె ఒకటి. దాన్ని అందరూ తాతగారనేవాళ్లు. ఒక ఆదివారం పొద్దున్న మాస్టారు నన్ను పిలిచి, ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఏవో ప్రశ్నలకు జవాబులు రాసి రమ్మన్నాడు. నిద్ర బాగా పడుతుందా, పేర్లు గుర్తుంటాయా, అలాంటివి. రాసి, కాగితం ఇచ్చి వచ్చేశాను.

కాసేపటికి ల్యాబు చూసుకునే ఆవిడ క్లాసులోకి వచ్చింది. "తాతగారి దవడ విరిగిపోయింది సార్. ఇప్పుడే చూశాను."

మాస్టారి ముఖం వాడిపోయింది. తన గురువుగారు తనకి ఇచ్చిన పుర్రె అని గొణిగాడు. అందరూ నా వైపు చూశారు.

"నేను ముట్టుకోలేదు సార్" అన్నాను.

ఆయన అమ్మ వైపు తిరిగాడు. "మేడమ్, మీరొకసారి మాట్లాడి చూడండి. మీ అమ్మాయని మొహమాటపడకండి. పక్క గదిలో కూర్చోండి. అక్కడ కెమెరా ఉంటుంది, పాఠానికి పనికొస్తుంది."

అమ్మ ముఖం కందిపోయింది. నా మీద కోపంతో కాదు, పరువు మీద బెంగతో. గదిలోకి వెళ్లేసరికి మాత్రం ఆవిడ మా అమ్మ కాదు, పిన్నిగారు. కుర్చీ తనే జరిపింది.

"కూర్చో. నీళ్లు తాగుతావా?"

"అమ్మా, నిజంగా నేను..."

"నువ్వు చేశావని నేనన్నానా? కావాలని ఎవరూ చెయ్యరే. హడావిడిలో జరుగుతాయి. నాకూ జరుగుతాయి." ఆ గొంతు వింటుంటే నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలీదు. "లోపలికెళ్లినప్పుడు నీ బ్యాగు భుజానికే ఉందా?"

"ఉంది."

"ఆ పట్టీ పొడుగు. కురచ చేస్తానని నాన్న ఎన్నాళ్లనుంచి అంటున్నారు. లేచేటప్పుడు దేనికో ఒకదానికి తగులుతూనే ఉంటుంది కదా."

"తగులుతుంది."

"రాయడం అయిపోయింది. లేచావు. అలమర వైపు తిరిగావు. తిరిగినప్పుడు చప్పుడేమైనా అయిందా? పెద్దదే కానక్కర్లేదు. చిన్నగా, టక్‌మని?"

నేను కళ్లు మూసుకున్నాను. నా చెయ్యి నాకు తెలియకుండానే భుజం మీదికి వెళ్లింది, బ్యాగు పట్టీ ఉండేచోటికి. లేచాను. తిరిగాను. టక్‌మంది.

"అయింది" అన్నాను.

"భయమేసి, ఆ ముక్కని లోపలికి నెట్టేసి ఉంటావు. చిన్నపిల్లవి, ఎవరైనా అంతే చేస్తారు."

"నెట్టాను. వేలితో నెట్టాను." ప్లాస్టర్ పొడి నా వేలికి అంటుకోవడం కూడా తెలిసింది. వేలు చూసుకున్నాను.

అమ్మ నా తల నిమిరింది. "ఒప్పుకున్నావు. అంతే చాలు. పద, సారుకి చెబుదాం."

క్లాసు ముందు నిలబడి ఏడుస్తూ చెప్పాను. మాస్టారు అంతా విన్నాడు. తర్వాత నా ఎదురుగా వచ్చి నిలబడి, రెండు చేతులూ జోడించాడు.

"క్షమించమ్మా. మోసం చేస్తానని చెప్పాను కదా. ఆ మోసం ఇదే."

తెర మీద ల్యాబు కనిపించింది. నేను లోపలికి వచ్చాను. బ్యాగు తీసి తలుపు దగ్గర నేలమీద పెట్టాను. తలుపు పక్కనున్న బల్ల దగ్గరే కూర్చుని రాశాను. లేచాను, బ్యాగు తీసుకున్నాను, వెళ్లిపోయాను. అలమర గదికి అటు చివర ఉంది. నేను దాని వైపు చూడను కూడా చూడలేదు.

"తాతగారి దవడ విరిగి చాలా ఏళ్లయింది" అన్నాడు మాస్టారు. "ఏటా ఒకరు వచ్చి దాన్ని మళ్లీ విరుస్తారు."

 మోసపోయానన్న కోపం రాలేదు. తెర మీద ఉన్న నేను నిజం, నా తలలో ఉన్న నేను అబద్ధం. కానీ నా తలలో ఉన్నదే నాకు స్పష్టంగా ఉంది. ఇంత చిన్న తల ఇంత పెద్ద పని ఎంత సులువుగా చేసిందో అనుకుంటే భయం కంటే ఆశ్చర్యమే ఎక్కువ వేసింది. కొండ చూసినప్పుడు, సముద్రం చూసినప్పుడు అలా అనిపించాలంటారు. నాకు నా బుర్రని చూసి అనిపించింది.

"ఇప్పుడు రెండో వీడియో" అన్నాడు మాస్టారు. "అమ్మాయి, మేడమ్ మాట్లాడుకున్నది. ఒక్కటే పని. కొత్త సంగతి ఏది వచ్చినా, అది ముందు ఎవరి నోట వచ్చిందో చూడండి. అడిగేవాళ్ల నోట వస్తే చెయ్యెత్తండి."

తెర మీద అమ్మ "బ్యాగు" అంది. చేతులు లేచాయి. "పట్టీ" అంది. లేచాయి. "అలమర వైపు తిరిగావు." "చప్పుడు." "టక్‌మని." "ముక్క." "లోపలికి నెట్టి." ఆఖరికి ఎవరూ దించడం లేదు, ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి.  క్లాసులో ఎప్పుడూ కునికే వార్డరు కూడా నిద్రపోవడం లేదు.

నేను వెనక్కి తిరిగి చూశాను. అమ్మ నిటారుగా కూర్చుని ఉంది. ఆవిడ చెయ్యి కూడా పైనే ఉంది.

*

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నేను వాగుతూనే ఉన్నాను. అన్నయ్యకి అంతా చెప్పాను. వాడు విని విని, ముద్ద చేతిలోనే ఆపేసి గోడ కేసి చూశాడు.

"ఒసేయ్. గడియారం పగిలిన రోజు నాకు బంతే లేదే. బంతి పోయిందని అంతకుముందే నాన్న నన్ను తిట్టాడు."

 నాన్న గొంతు సవరించుకున్నాడు.

"గడియారం నేనే పగలగొట్టాను. కీ ఇద్దామని దించితే జారింది. చెప్దామనుకునే లోపల వీడు ఒప్పేసుకున్నాడు. వివరాలతో సహా చెప్తుంటే, ఏమో, నిజంగా వీడే మళ్లీ పగలగొట్టాడేమో అనుకున్నాను."

అన్నయ్యకి నవ్వు ఆగలేదు. ఇన్నాళ్లూ మోసిన నేరం దిగిపోయిన నవ్వు అది. నేనూ నవ్వాను. నాన్న తలదించుకుని నవ్వాడు. అమ్మ ఒక్కతే నవ్వలేదు. కంచం తీసుకుని లేచి వంటింట్లోకి వెళ్లింది. చాలాసేపు కుళాయి నీళ్లు పోతున్న చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే అమ్మ కంచం కడగడం లేదు, కుళాయి దగ్గర ఊరికే నిలబడి ఉంది.

ఆ వారం అమ్మ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. శుక్రవారం సాయంత్రం తడిసి ఇంటికి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా నాన్న మిషన్ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. నేను తువ్వాలు ఇచ్చాను, పట్టుకుని కూర్చుంది.

"ఆ వాచ్‌మన్‌తో మాట్లాడింది స్టేషన్‌లో రికార్డయింది" అంది. "ఇవాళ పెట్టుకుని చూశాను. ఒక్కదాన్నే."

నాన్న మిషన్ ఆపాడు.

"మొదట్లో అతను ఒకటే చెప్పాడండీ. 'నిద్రపోయానమ్మా, లేచేసరికి మంటలు' అని. కాయిల్ మాట నేనన్నాను. ఈ కాలంలో దోమలు ఎక్కువ కదా, కాయిల్ పెట్టుకుని ఉంటావు అన్నాను. లేదమ్మా, నాకు పడదు అన్నాడు. వినలేదు నేను. అన్నాడని కూడా నాకు గుర్తులేదు. బేళ్ల పక్కన అని నేనన్నాను. గాలికి నిప్పురవ్వ ఎగిరి ఉంటుందని నేనన్నాను. అతను ఏడ్చింది మాత్రమే అతనిది." తువ్వాలు మడతపెట్టింది, మళ్లీ విప్పింది. "ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చుని చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి చివరిదాకా దించలేదు."

మంట వెనక గోడ మీది స్విచ్‌బోర్డు దగ్గర మొదలై ఉండొచ్చని ఫైరాఫీసువాళ్లు రాసిచ్చిన రిపోర్టు కూడా ఫైల్లో ఉందట. మనిషే ఒప్పుకున్నాక కాగితం ఎవరు చూస్తారని పక్కన పెట్టారు.

"మీ పెద్దాయనకి చెప్పావా?" అన్నాడు నాన్న.

"చెప్పాను. ప్రాసిక్యూటర్‌కీ చెప్పాను. ఇద్దరూ ఒకటే మాట. 'కోర్టులో అడిగినదానికి జవాబు చెప్పండి, అడగనిది చెప్పకండి. మీరు కొట్టలేదు, తిట్టలేదు, తప్పేముంది' అన్నారు." అమ్మ నా వైపు చూసింది. "కొట్టి ఉంటే కనీసం అతనికైనా తెలిసేది, అబద్ధం ఒప్పుకున్నానని."

"మౌనం మాస్టారి దగ్గరికి వెళ్లరాదా?" అన్నాను.

"అక్కడినుంచే వస్తున్నాను."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. టీ ఇచ్చి కూర్చున్నారు. నేనే మాట్లాడుతూ ఉన్నాను. మాట్లాడుతుంటే ఏం చెయ్యాలో నాకే తెలిసింది."

నాన్న బీరువా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఆయన ఎంత కష్టపడ్డాడో నాకు కనిపించింది. "సరే, ముందు తడిబట్టలు మార్చుకో" అన్నాడు. మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టాడు.

*

విచారణ రోజు నాన్నా నేనూ వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాం. కోర్టు హాలు గోడలు చెమ్మగిల్లి ఉన్నాయి, తడి గొడుగులన్నీ ఒక మూల ఆనించి ఉన్నాయి. వాచ్‌మన్‌ని నేను చూడటం అదే మొదలు. యాభై దాటిన మనిషి. చొక్కా ఒంటిమీద వేలాడుతోంది. "చిక్కిపోయాడు పాపం" అని నాన్న గొణిగాడు. ఆయనకి ముందు కొలతలే కనిపిస్తాయి. మా ముందు బెంచీలో వాచ్‌మన్ భార్య, ఒళ్లో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని ఉంది.

ప్రాసిక్యూటర్ అడిగినవాటికి అమ్మ జవాబులు చెప్పింది. ఒప్పుకున్నాడా? ఒప్పుకున్నాడు. బెదిరించారా? లేదు. కొట్టారా? లేదు. అవతలి లాయరు కుర్రవాడు, తడబడుతూ ఆ ప్రశ్నలే అటూ ఇటూ తిప్పి అడిగి కూర్చున్నాడు. అంతటితో అయిపోయింది. దిగిపోవచ్చు. జడ్జిగారు కలం మూయబోతూ, అలవాటుగా, ఇంకేమైనా చెప్పేది ఉందా అన్నారు.

"ఉందండి" అంది అమ్మ.

ప్రాసిక్యూటర్ తలెత్తాడు.

"దోమల కాయిల్ అన్న మాట ముందు నేనన్నాను. ఆయన కాదు. ఆయన ఒప్పుకున్న ప్రతి సంగతీ ముందు నా నోటినుంచే వచ్చింది. రికార్డింగు ఉంది. తెప్పించుకుని చూడమని కోరుతున్నాను. చూసేటప్పుడు ఏ మాట ముందు ఎవరన్నారో అదొక్కటే చూడండి."

ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే చెప్పింది. తన మీద తనే సాక్ష్యం చెబుతూ, స్టేషన్ డైరీ చదివినంత మామూలుగా చెప్పింది.  ఎవరికైనా సెల్యూట్ కొట్టాలని నాకు నిజంగా అనిపించింది అప్పుడే. అంతకుముందు అద్దం ముందు ఎన్నిసార్లు కొట్టానో, అదంతా ఆట.

అప్పుడు వాచ్‌మన్ లేచాడు.

"అయ్యా, మేడమ్‌ని ఏమీ అనకండి" అన్నాడు. "ఆ తల్లి నన్ను మంచిగా చూసుకుంది. టీ ఇప్పించింది. తప్పు నాదే. కాయిల్ నేనే వెలిగించాను. ఆ పొగ నా ముక్కులో ఇంకా ఉంది."

అమ్మ బోను చెక్కని పట్టుకుంది. ముందు బెంచీలో టిఫిన్ క్యారియర్ కింద పడింది. భార్య లేచి నిలబడింది.

"ఏంటయ్యా నువ్వనేది? పొగ పడక నువ్వు వంటింట్లోకే రావు కదా." జడ్జిగారి వైపు తిరిగింది. "ఆయనకి ఉబ్బసం అండీ. పెళ్లయిన కాడినుంచీ మా ఇంట్లో ఆ కాయిల్ ముట్టించలేదు."

వాచ్‌మన్ ఆవిడ వైపు అయోమయంగా చూశాడు. హాల్లో కొందరు గుసగుసలాడారు, నాటకం అన్నారెవరో. నాకు తెలుసు అది నాటకం కాదని. తాతగారి దవడ విరిగిన చప్పుడు నాకు అప్పటికీ వినిపిస్తూనే ఉంది. వీడియో చూశాక కూడా అది పోలేదు. ఇప్పటికీ పోలేదు.

జడ్జిగారు రికార్డింగూ, ఫైరాఫీసు రిపోర్టూ రెండూ తెప్పించమని రాశారు.

*

వానలు వెనకపట్టాక వాచ్‌మన్‌ని వదిలేశారు. మంట స్విచ్‌బోర్డు దగ్గరే మొదలైందని నిపుణులు చెప్పారు. ప్రమోషన్లు వచ్చినప్పుడు అమ్మకి రాలేదు, మిగతా కేసుల మీద విచారణ మాత్రం వచ్చింది. అంతకుముందే అమ్మ తనే కూర్చుని, పిన్నిగారి గదిలో ఒప్పుకున్నవాళ్లందరి రికార్డింగులూ మళ్లీ చూడమని పైకి రాసింది. స్టేషన్‌లో కొందరు మాట్లాడటం మానేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని ఎవరో అన్నారట. "నిజమే, కాలింది నా చేతులు కాదు కదా" అంది అమ్మ.

నాన్న బీరువాలోంచి ఇన్‌స్పెక్టర్ చొక్కా తీసి మడతపెట్టాడు. "గుడ్డ మంచిది, పాడవదు. ఉండనీ" అన్నాడు.

కోర్సు చివరి వారంలో, ఒక మధ్యాహ్నం, వాచ్‌మన్ మా ఇంటికి వచ్చాడు. అమ్మ ఆ రోజు సెలవులో ఉంది. అతను చెప్పులు బయట విడిచి, లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. అమ్మే వెళ్లి కుర్చీ జరిపింది.

"క్షమించమని అడగాలి నేను" అంది. "మీరు తిట్టినా పడతాను."

అతను ఆ మాట విననట్టే ఉన్నాడు. తల దువ్వుకుని, మంచి చొక్కా వేసుకుని, ఏదో ముఖ్యమైన పని మీద వచ్చినవాడిలా ఉన్నాడు.

"ఒక్క మాట అడిగి పోదామని వచ్చానమ్మా. కోర్టు వదిలేసింది. మా ఇంటిది నువ్వు చెయ్యలేదంటుంది. అందరూ అంటున్నారు. కానీ కళ్లు మూస్తే నా చేతిలో అగ్గిపుల్ల కనిపిస్తుంది. ఆ చచ్చిపోయిన పిల్లాడు కనిపిస్తాడు."  "మీరు చదువుకున్నోళ్లు. మీకు తెలుస్తుంది. మీరు చెప్పండమ్మా. నేను వెలిగించలేదు కదా?"

నాన్న మిషన్ ఆగిపోయింది.  లేదు అని ఒక్క మాట అంటే చాలు, అతను నమ్మేస్తాడు. ఆవిడ ఏది చెప్పినా నమ్ముతాడు. కాయిల్‌ని నమ్మినట్టే నమ్ముతాడు. అమ్మ నోరు తెరిచింది. ఆ మాట ఆవిడ పెదవుల దాకా రావడం నేను చూశాను.

అమ్మ నోరు మూసుకుంది. పీట లాక్కుని అతని ఎదురుగా, అతని కంటే కిందగా కూర్చుంది.

"ఆ రోజు డ్యూటీ ఎక్కిన దగ్గర్నుంచి మీకు ఏం గుర్తుంటే అది చెప్పండి" అంది. "నేను మధ్యలో మాట్లాడను."

అతను అమ్మ వైపు చూస్తూ ఉండిపోయాడు. అమ్మ ఏమీ అనలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గోడ మీద గడియారం తప్ప చప్పుడు లేదు. ఆ ఖాళీని నింపేయాలని నాకే నాలుక దురద పెట్టింది. అమ్మ మాత్రం ఊరుకుంది. నా జీవితంలో నేను అమ్మని అంతసేపు ఊరుకుని ఉండగా చూడలేదు.

"ఎక్కాను..." అన్నాడు చివరికి. "తాళాలు చూసుకున్నాను." ఆగాడు. "ఆ పిల్లాడు ముందే పడుకున్నాడు. పిలిస్తే పలకలేదు." మళ్లీ ఆగాడు. అతని కళ్లు ఎక్కడో చూస్తున్నాయి. కుడిచెయ్యి గాల్లో ఏదో వెతుక్కుంటున్నట్టు కదిలింది. "దోమతెర తెచ్చుకున్నాను. ఇంటినుంచి. పచ్చది. ఒక మూల తాడు పుటుక్కున తెగింది. మేకుకి అందలేదు. అందకపోతే..." చెయ్యి నడుం దగ్గరికి వచ్చి ఆగింది. "నా బెల్టు తీసి కట్టాను. ఔనమ్మా, బెల్టు తీసి కట్టాను. తెల్లారి మంటల్లో ప్యాంటు పట్టుకుని పరిగెత్తాను, బెల్టు లేక."

చెప్పి తన నడుం కేసి చూసుకున్నాడు. ఆ ముఖంలో మెల్లమెల్లగా వచ్చిన మార్పుని వర్ణించడం నా వల్ల కాదు. పోయిన మనిషి ఎవరో గుమ్మంలోకి వచ్చి నిలబడితే చూసినట్టు చూశాడు.

తెర గురించి కోర్టులో ఎవరూ అనలేదు. బెల్టు గురించి ఎవరూ అడగలేదు. అది ఏ కాగితంలోనూ లేదు.

నేను అమ్మ వైపు చూశాను. ఆవిడ చెయ్యి ఒళ్లోనే ఉంది. ఎత్తాల్సిన అవసరం రాలేదు.